వెన్నుపూసల అతుకు: ఎముక ఎట్లు కలియును?

నడుము భాగమున వెన్నుపూసలు ఐదు. వాని క్రింద త్రికాస్థి కలదు. ఒక పూస మరియొకదానిపై జారుటచే నరములు నలిగి, ఇతర చికిత్సలు ఫలింపనప్పుడు, వైద్యులు కొందరికి ఆ పూసలను ఒక్కటిగా అతుకుదురు. ఇట్టి శస్త్రచికిత్సను 1911లో న్యూయార్కు నగరమున రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అను వైద్యులు వేరువేరుగా ప్రకటించిరి. నాడు దానిని ముఖ్యముగా వెన్నెముక క్షయకై చేసిరి.

శస్త్రవైద్యుడే ఎముకను అతికించునని పలువురు తలతురు. నిజమునకు అతడు అందుకు వలయు ఏర్పాట్లు మాత్రమే చేయును. పూసల పైపొరను గీకి నెత్తురు ఊరునట్లు చేయును. అచ్చట ఎముక ముక్కలను పేర్చును. లోహపు మరమేకులతోను కడ్డీలతోను పూసలను కదలకుండ బిగించును. ఎముకను కట్టవలసినది రోగి శరీరమే.

మొదట నెత్తురు గడ్డకట్టును. దానిలోనికి సన్నని రక్తనాళములు పెరుగును. వాని వెంట ఎముకను నిర్మించు కణములు చేరి, లేత ఎముకను ఏర్పరచి, క్రమముగా దానిని గట్టిపరచును. ఇందుకు సాధారణముగా ఆరు నెలలు మొదలు ఏడాది వరకు పట్టును. అంతదాక పూసలను పట్టియుంచునది లోహమే. పలుమార్లు వంచిన తీగ తెగునట్లు, ఎముక కలియనిచో ఆ లోహమును అలసి విరుగవచ్చును. కావున ఇది ఎముకకును లోహమునకును నడుమ జరుగు పందెము.

ఇందు ఎముక గెలుచుటకు మంచి ముక్కలు వలయును. రోగి తుంటి ఎముకనుండి తీసినవి శ్రేష్ఠములు. జీవకణములు, అవి ప్రాకుటకు చట్రము, ఎముక పెరుగుదలను ప్రేరేపించు ప్రోటీనులు మూడును వానిలో కలవు. ఎముకలోని ఈ ప్రేరక శక్తిని 1965లో మార్షల్ యూరిస్ట్ ప్రయోగములతో చూపెను. అట్టి ప్రోటీనులలో ఒకదానిని నడుము పూసల అతుకునకు వాడుటకు అమెరికాలో 2002లో అనుమతి లభించెను. అతుకవలసిన పూసలు ఎక్కువైనకొలది పని కష్టమగును.

రోగి చేతిలోనున్న కారణములలో ముఖ్యమైనది పొగాకు. చుట్టయైనను, బీడీయైనను అందలి నికోటిన్ సన్నని రక్తనాళములను ముడుచుకొనజేయును. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తము మోయు ఆక్సిజనును తగ్గించును. నమలు పొగాకులోను నికోటిన్ కలదు. అందుచే శస్త్రచికిత్సకు కొన్ని వారములు ముందే మాని, పిదప నెలల తరబడి దాని జోలికి పోరాదు. అదుపులేని మధుమేహము, విటమిన్-డి లోపము, మాంసకృత్తుల కొరత, దీర్ఘకాలము వాడిన స్టెరాయిడ్లు కూడ అతుకును జాగుచేయును. ఎముకలు గుల్లబారినచో మేకుల పట్టు సడలును.

ఎముక తనపై పడు బరువునకు తగినట్లు తన్నుతాను దిద్దుకొనునని 1892లో జర్మను వైద్యుడు జూలియస్ వోల్ఫ్ వివరించెను. కావున మంచముననే యుండక వైద్యుడు చెప్పినట్లు నడువవలెను. బరువులెత్తుట, నడుము మెలిపెట్టుట మానవలెను. నొప్పి తగ్గినంతమాత్రమున ఎముక కలిసినట్లు కాదు. పూసల నడుమ ఎముక వంతెన ఎక్స్‌రే, సి.టి. చిత్రములలో ఎడతెగక కనబడవలెను.