నిలదొక్కుకునే వ్యాయామం: ఫోన్‌లోనా, దగ్గరుండా?

వాడరేవులో పడవల దగ్గర చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని చీరాల వీధుల్లో అమ్మే ఆడవాళ్లున్నారు. చీరాలలో మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టేవాళ్లున్నారు. పర్చూరు నుంచి చిలకలూరిపేట దాకా నల్లరేగడి చేలల్లో పత్తి తీసి, కల్లాల్లో మిరపకాయలు ఏరి బతికేవాళ్లున్నారు. వీళ్లలో అరవై దాటినవాళ్ల ఇళ్లల్లో తరచూ వినపడే మాట: "తడి గచ్చు మీద కాలు జారింది, తుంటి విరిగింది." ముందురోజు దాకా ఆమె నీళ్లు మోసింది, మనవడికి అన్నం పెట్టింది. ఎముకలు గుల్లబారాయని ఎవరికీ తెలియదు. విరిగేదాకా అవి నొప్పి పుట్టించవు.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే దాన్ని ఆస్టియోపోరోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలత ఇది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం 30 నుంచి 60 ఏళ్ల లోపు పేద మహిళలు 289 మందిని పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రచురించింది. తొడ ఎముక మెడ దగ్గర నూటికి 29 మందికి ఈ జబ్బు కనపడింది. రోజు తిండిలో వాళ్లకు అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములే. దీనికి తోడు మన రాష్ట్రంలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోవడం ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దేశం మొత్తం మీద నూటికి 3.2 మందికి ఈ ఆపరేషన్ జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మందికి జరిగింది. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకను కాపాడే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. నలభై ఏళ్లకే ఆపరేషన్ అయిన మనిషికి అరవై ఏళ్లు వచ్చేసరికి ఆ ఎముకలు ఎలా ఉంటాయో ఊహించవచ్చు.

ఎముక బలహీనపడటం ఒక సమస్య, పడిపోవడం ఇంకొకటి. మొదటిదానికి మందులు, ఇంజెక్షన్లు, కాల్షియం, డి విటమిన్ ఉన్నాయి. రెండోదానికి మాత్ర లేదు. తుంటి విరగడం చాలావరకు పడినప్పుడే జరుగుతుంది కనుక పడకుండా నిలదొక్కుకోవడం నేర్చుకోవాలి. వృద్ధుల వ్యాయామాల మీద జరిగిన 108 పరీక్షల్ని కలిపి చూసిన 2019 నాటి కోక్రేన్ సమీక్ష, వ్యాయామం వల్ల పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గాయని తేల్చింది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన మరో సమీక్ష ఇంకో మాట చెప్పింది. శరీరం నిలకడకు గట్టి పరీక్ష పెట్టే వ్యాయామాలు వారానికి మూడు గంటలకు పైగా చేసినచోట ఆ తగ్గుదల 39 శాతం. ఒట్టి నడకతో ఇంత ఫలితం రాదు. వాడరేవు ఇసుకలో పొద్దున్నే నడవడం ఒంటికి మంచిదే. కానీ ఒకసారి పడ్డ మనిషి మొదలుపెట్టాల్సింది గట్టి గచ్చు మీద, గోడ పక్కన.

ఆ వ్యాయామాలు చూడటానికి చాలా మామూలుగా ఉంటాయి. పాదాలు రెండూ ఆనించి నిలబడటం. తర్వాత ఒక పాదం కాస్త ముందుకు జరిపి నిలబడటం. తర్వాత ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా నిలబడటం. చివరికి ఒంటికాలి మీద. వీటితో పాటు చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం, మునివేళ్ల మీద లేవడం, పక్కకు అడుగులు వేయడం. కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు పంపే కబుర్లను మెదడు ఎప్పటికప్పుడు సరిచూసుకుంటేనే మనిషి నిలబడగలడు. ఆ సరిచూసుకోవడం పదునెక్కాలంటే శరీరం కొంచెం తూలాలి. అసలు తూలకపోతే మెదడు నేర్చుకునేదేమీ ఉండదు. తూలడం మరీ ఎక్కువైతే మనిషి పడిపోతుంది. ఈ వ్యాయామం పనిచేసేది ఆ రెంటి మధ్యనున్న సన్నని చోటులోనే. కాబట్టి ఫోనా, దగ్గరుండా అని అడగడమంటే, ఆమె తూలిన క్షణాన పట్టుకునే చెయ్యి ఎవరిదని అడగడమే.

చీరాల నుంచి గుంటూరు అరవై కిలోమీటర్ల పైమాటే. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి పోయి రావాలంటే కూలి పోతుంది, వెంట ఒక మనిషి కావాలి, బస్సు మెట్లెక్కి దిగడమే ఒక గండం. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న కూతురు "అమ్మా, వీడియో కాల్‌లో నేర్పిస్తారంట" అంటే అది ఊరికే తోసిపారేసే మాట కాదు. ఇంటి దగ్గర చేసే వ్యాయామానికి గట్టి రుజువులే ఉన్నాయి.

అందులో పేరున్నది న్యూజిలాండ్‌లోని ఒటాగో పద్ధతి. ఎనభై దాటిన 233 మంది స్త్రీలతో జరిగిన తొలి పరీక్ష 1997లో అచ్చయింది, పడిపోవడాలు తగ్గాయి. ఇది ఇంట్లో చేసే వ్యాయామమే, అయితే మొదట్లో ఫిజియోథెరపిస్టే ఇంటికి వచ్చి, మనిషిని చూసి, ఆమెకు తగ్గ వ్యాయామాలు ఏరి, దగ్గరుండి నేర్పారు. ఫోన్ ఆ తర్వాత వచ్చింది, మానేయకుండా చూసుకోవడానికి. ఇక పూర్తిగా తెర మీద నడిచే పద్ధతిని ఆస్ట్రేలియాలో డెబ్భై దాటిన 503 మందితో పరీక్షించారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల్లో మొదటి ఏడాది చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండేళ్లు కలిపి చూస్తే పడిపోవడాలు 16 శాతం తక్కువ. అంటే తెర పనిచేస్తుంది, కానీ నిదానంగా, విడవకుండా చేసినవాళ్లకు.

దగ్గరుండి చేయించడానికి ఉన్న బలం కూడా ఆస్ట్రేలియాలోనే కనపడింది. ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలలో ఒక సగం వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల కళ్లెదుట పెద్ద బరువులు ఎత్తారు. మిగతా సగం ఇంట్లో తేలిక వ్యాయామాలు చేశారు. ఎనిమిది నెలలకు వెన్ను ఎముక సాంద్రత మొదటివాళ్లలో 2.9 శాతం పెరిగింది, రెండోవాళ్లలో 1.2 శాతం తగ్గింది. ఆ బరువుల పని వీడియో చూసి ఎవరూ ఇంట్లో చేయకూడదు. గుల్లబారిన వెన్నుతో ఒక్క తప్పు భంగిమ చాలు.

ఫోన్‌తో నా భయం పడిపోవడం గురించి ఒక్కటే కాదు. తెర అవతల ఉన్న శిక్షకురాలు పట్టుకోలేదు కనుక జాగ్రత్తపడి తేలిక వ్యాయామాల దగ్గరే ఆగిపోతుంది. ఆర్నెల్లయినా నేర్చుకునే మనిషి కుర్చీ పట్టుకునే నిలబడుతుంది. చేస్తున్నామన్న తృప్తి మిగులుతుంది గానీ నిలకడ పెరగదు. రెండో చిక్కు కెమెరా. మన ఇళ్లల్లో వీడియో కాల్ అంటే ముఖం కనపడుతుంది, పాదాలు కనపడవు. చీర కుచ్చిళ్లు మోకాళ్లనూ చీలమండల్నీ కప్పేస్తాయి. ఫోన్‌ను నడుము ఎత్తున్న బల్ల మీద, నాలుగైదు అడుగులు వెనక్కి, తల నుంచి పాదం దాకా కనపడేలా నిలబెట్టాలి. చీర చీలమండల పైకి దోపుకోవాలి. తెరలోకి తొంగిచూస్తూ వ్యాయామం చేయకూడదు, మాట వింటే చాలు. గోడ మూల వెనక, బరువైన కుర్చీ ముందు ఉండాలి. ఇంకో మనిషి ఆ గదిలోనే ఉండాలి, పక్క గదిలో కాదు.

మూడో చిక్కు ఎవరు పడితే వాళ్లు పంపే వీడియోలు. నడుం వంచి పాదాలు అందుకోమనే ఆసనాలు, పడుకుని తలా భుజాలూ పైకి లేపే కసరత్తులు ఎముకలు గుల్లబారిన వెన్నుకు ప్రమాదం. అమెరికాలోని మేయో క్లినిక్ 1984లో ఈ జబ్బున్న స్త్రీల మీద అచ్చేసిన పరిశీలనలో, ముందుకు వంగే వ్యాయామాలు మాత్రమే చేసిన తొమ్మిది మందిలో ఎనిమిది మందికి వెన్నుపూసలు మళ్లీ నలిగాయి. వెన్ను వెనక్కి నిటారు చేసే వ్యాయామాలు చేసిన 25 మందిలో నలుగురికే అలా జరిగింది. చిన్న గుంపులే, అయినా ఇంత తేడాను పక్కన పెట్టలేం. జీవితమంతా వంగి కలుపు తీసిన నడుముకు కావలసింది ఇంకో వంపు కాదు.

అందుకే నా సలహా వరసగా ఉంటుంది. మొదటి నెల దగ్గరుండే నేర్పించాలి. ఇల్లు దూరమైతే కనీసం నాలుగైదు సార్లు. తర్వాత రెండు మూడు నెలలు ఇంట్లో, ఫోన్ కనిపెట్టుకుని ఉండగా. వ్యాయామం కష్టం పెంచాల్సినప్పుడల్లా మళ్లీ ఎదురుగా. ఒక పాదం వెనక ఒకటి పెట్టి పది సెకన్లు నిలబడలేని మనిషి, గడిచిన ఏడాదిలో పడిన మనిషి, వెన్నో తుంటో ఇప్పటికే విరిగిన మనిషి, లేవగానే కళ్లు తిరిగే మనిషి, షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారిన మనిషి, ఒంటరిగా ఉండే మనిషి ఫోన్‌తో అసలే మొదలుపెట్టకూడదు. ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచి ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడే సదుపాయాన్ని దీనికంటే ముందు వాడుకోవాలి. బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు చూపించి, వీటివల్ల తూలుతున్నానా అని అడగాలి. ఇది ఫోన్ బాగా చేయగల పని.

దగ్గరుండి నేర్పే మనిషి కోసం ప్రతిసారీ గుంటూరే పోనక్కర్లేదు. వృద్ధుల ఆరోగ్యం కోసం 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ సేవలు ఉండాలంటుంది. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది, చీరాల, వాడరేవు అందులోకే వచ్చాయి, కాబట్టి ఆ సేవను సొంత జిల్లాలోనే అడగొచ్చు. డ్వాక్రా సంఘాలు అప్పు వాయిదాల కోసం ఎలాగూ కలుస్తాయి. తీరంలో తుఫాను షెల్టర్లు ఏడాదిలో చాలా రోజులు ఖాళీగానే ఉంటాయి, వాటికి గట్టి గచ్చు, గోడలు ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు నెలకు రెండుసార్లు అక్కడికి వస్తే, పదిమంది పెద్దవాళ్లు ఒకరినొకరు పట్టుకుంటూ చేస్తారు. మిగతా రోజులు ఫోన్‌లో గుర్తుచేస్తే సరిపోతుంది. ఈ పని అడిగి చేయించుకోవాల్సిందే.

ఒక పాఠం మాత్రం ఫోన్‌లో అసలు నేర్పకూడదు: పడ్డాక లేవడం. ముందు కదలకుండా ఊపిరి పీల్చుకుని, నొప్పి ఎక్కడో చూసుకోవాలి. తుంటి దగ్గర నొప్పి పుట్టినా, కాలు పొట్టిగా బయటికి తిరిగినట్లున్నా లేవకూడదు, 108కి ఫోన్ చేయించాలి. దెబ్బ లేకపోతే పక్కకు దొర్లి, చేతులూ మోకాళ్ల మీదికి వచ్చి, పాకుతూ మంచం దాకానో కుర్చీ దాకానో వెళ్లి, దాన్ని పట్టుకుని బలమైన కాలు ముందు పెట్టి లేవాలి. నేల మీద పరుపు వేసి, నేర్పే మనిషి పక్కన మోకరిల్లి ఉండగా దీన్ని కొన్నిసార్లు చేయించాలి. ఎముకలు మరీ పెళుసైనవాళ్లకు, మోకాళ్లు మడవలేనివాళ్లకు ఇది చేయించాలా వద్దా అన్నది కూడా ఆ ఎదురుగా ఉన్న మనిషే చూసి తేల్చాలి.