అస్తి, నాస్తి, అవక్తవ్యము

రెండు కాగితములపై ఒకే పేరున్నది. ఆ పేరు గలవాడు ఒక్కడా, ఇద్దఱా? ఈ ప్రశ్న తార్కికుల వినోదముగా తోచవచ్చును గాని, కొన్నియేండ్లుగా మన రాష్ట్రమున ఎందఱి కంచములోని కూడో దీనిపై ఆధారపడియున్నది. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వీర్నపల్లి మండలమునే చూడుడు. 2016లో జిల్లాలను పునర్విభజించినపుడు ఏర్పడిన ఈ చిన్న మండలములో లంబాడీ తండాలు పెక్కు గలవు. భూక్యా, బానోతు, గుగులోతు మున్నగు ఇంటిపేర్లు లంబాడీలలో ఒక్కొక్కటి జిల్లాల యెల్లలు దాటి వేలకొలది కుటుంబములలో వ్యాపించియున్నది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గల వారిద్దఱు ఒక తండాలో నున్నచో, ఎవ్వరెవ్వరో ఆ తండాలోని ముసలమ్మ చిటికెలో చెప్పగలదు. హైదరాబాదులోని యంత్రమునకో, అక్షరములు తప్ప ముఖములు కానరావు.

తెలంగాణ ప్రభుత్వము ‘సమగ్ర వేదిక’ యను పేర నొక గణకయంత్ర వ్యవస్థను నెలకొల్పినది. వాహనములు, ఆస్తులు, విద్యుత్తు మొదలైన పలుశాఖల పట్టికలను కలిపి, ఒక మనుష్యునికి చెందిన వివరములన్నిటిని ఒకచోట చేర్చుట దాని పని. కారు గలవాడు పేదల బియ్యము పుచ్చుకొనుచున్న యెడల పట్టుకొనవలయునని ఉద్దేశము. ఉద్దేశమును మేము తప్పుపట్టము. ఇరువది యెకరముల మాగాణి యుండియు తెల్లకార్డు దాచుకొన్న పెద్దమనుష్యులు ఊరూర నుండిరని మన చదువరులు మాకంటె బాగుగ నెఱుగుదురు. అయితే, పేరు పోలికచేత ఒక రిక్షా కార్మికుని కారు యజమానిగా లెక్కించి, ఆ యింటి కార్డు తీసివేసిన ఉదంతము పత్రికల కెక్కినది. 2016 తరువాత తొలగించిన సుమారు 19 లక్షల కార్డులను గడపగడపకు పోయి మఱల పరీక్షింపవలెనని 2022లో సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించినది. అన్ని తొలగింపులును యంత్రముయొక్క చేతలే యని మేమనుట లేదు. ముందుగా నోటీసైన లేక తొలగించిన చేయి మాత్రము మనుష్యునిదే.

ఇచ్చట తత్త్వశాస్త్రమునకు పనియేమని యడుగుదురేమో. ఒకటి నిజమైనచో దాని విరుద్ధము అబద్ధము. ఈ రెంటి నడుమ మూడవది లేదు. ఇది గ్రీకుదేశపు అరిస్టాటిలు కాలమునుండి పాశ్చాత్య తర్కమునకు మూలస్తంభము. 1854లో జార్జి బూలు అను ఆంగ్లేయుడు ఈ తర్కమును సున్న, ఒకటి యను రెండంకెల గణితముగా మార్చెను. 1937లో అమెరికాలో క్లాడ్ షానను, తన యిరువదియొకటవ యేట, ఆ గణితమును విద్యుత్తు మీటలచేత నెఱవేర్పవచ్చునని చూపెను. మీట పడినచో ఒకటి, లేచినచో సున్న. నేటి గణకయంత్రములన్నియు ఆ పునాదిపైననే నిలిచియున్నవి.

వింత యేమనగా, కృత్రిమ మేధ యని నేడు పిలువబడు విద్య ఆ పునాదిపై నిలిచియు అవును కాదుల తీరున ఆలోచింపదు. అది కోట్లకొలది వాక్యములను చదివి, ఏ మాట ఏ మాటల సావాసమున తిరుగునో చూచి, దానినిబట్టి మాటల దగ్గఱితనమును లెక్కకట్టును. అట్లు లెక్కకట్టగా వేడి, చలి యనునవి దగ్గఱి చుట్టములైనవి! రెండును నీటితో, గాలితో, ఋతువులతో కలిసి తిరుగును గదా. మనకు ఎదురెదురుగా నిలుచునవి దానికి పక్కపక్కన కూర్చుండును. కనుకనే ‘కాదు’, ‘లేదు’ అను చిన్నమాటలవద్ద ఈ యంత్రములు తొట్రుపడుచుండెనని 2020 ప్రాంతమున పరిశోధకులు పరీక్షించి చూపిరి. తరువాతి యంత్రములు కొంత మెఱుగుపడినవి. దాని సహజభాష మాత్రము తరతమములదే: ఇంత పోలిక, ఇంత సంభావ్యత. పేర్లను పోల్చు యంత్రమును అంతే. ఈ రెండు పేర్లు ఒకనివగుటకు నూటికి ఎనుబదిపాళ్లు అవకాశమని దాని లోపలి లెక్క. ఆ యెనుబదిని ‘అవు’నని కోసి యిచ్చుటకు హద్దు గీచినవాడు మనుష్యుడు. మిగిలిన యిరువదిపాళ్ల సందేహము కార్యాలయపు గుమ్మము దాటి రాదు.

ఈ సందేహమున కొక పేరుపెట్టి దానికి గౌరవస్థానమిచ్చిన తర్కము మన సీమలోనే ఒకప్పుడు వర్ధిల్లినది. నేడు రాజరాజేశ్వరస్వామి క్షేత్రమైన వేములవాడ పదవ శతాబ్దమున చాళుక్యుల రాజధాని, జైనులకు నెలవు. గంగాధర దాపున కుర్క్యాల బొమ్మలగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనమున తెలుగు కందపద్యము లుండుట చదువరులు వినియే యుందురు. ఆ గంగాధరలోనే 959లో సోమదేవసూరి యశస్తిలక చంపువును ముగించెను. 966లో మూడవ అరికేసరి వేములవాడ శుభధామ జినాలయము నిమిత్తము ఆయనకు గ్రామదానము చేసెను. సోమదేవునికి స్యాద్వాదాచలసింహుడని బిరుదు. నీతివాక్యామృతమను రాజనీతిగ్రంథమును రచించినవాడును ఆయనయే. విరుద్ధములను గూర్చిన తర్కమున సింహమనిపించుకొన్నవాడే పరిపాలనను గూర్చి గ్రంథము వ్రాయుట మాకు మిక్కిలి ఇంపుగా నున్నది.

స్యాద్వాదమనగా గోడమీది పిల్లివాట మని కొందఱు పరిహసింతురు. అది పొరపాటు. ‘స్యాత్’ అనగా బహుశా యని కాదు. ఒకానొక అపేక్షచేత అని. సిరిసిల్ల మగ్గముపై నున్న నూలుపోగును చూపి యిది పడుగా యని యడుగుడు. ఈ మగ్గమున నిలువునకు సాగియున్నదిగనుక అవును. కండెకు చుట్టి అడ్డముగా నేయునపుడు కాదు. వరుసగా ఈ రెండును చెప్పవచ్చును. ఒక్కసారిగా ఒకేమాటలో చెప్పుమన్నచో చెప్పరాదు, అది అవక్తవ్యము. అస్తి, నాస్తి, అస్తి నాస్తి, అవక్తవ్యము, ఈ నాలుగవదానిని తొలి మూటితో కలుపగా వచ్చు మూడును చేరి సప్తభంగి యగును. ప్రతి మాటతోడను అది యే షరతుపై నిజమో చెప్పవలెనని జైనుల పట్టు. గణాంకశాస్త్రజ్ఞుడు ప్రశాంతచంద్ర మహలనోబిసు 1954లో ఈ తర్కమునకును సంభావ్యతా శాస్త్రమునకును గల పోలికను వివరించెను. 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడిన శాస్త్రజ్ఞుడు హాల్డేను ఆ యేటనే దీనిపై ప్రత్యేకముగ వ్యాసము వ్రాసెను.

దీనికి బలమైన ప్రతివాదము లేకపోలేదు. ఒకే వస్తువునందు ఒకేకాలమున విరుద్ధధర్మములు పొసగవనియు, నిశ్చయములేని బోధను నమ్మి ఎవ్వడును ఏ పనికిని పూనుకొనలేడనియు శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యమున జైనమతమును ఖండించిరి. తహశీలుదారుని వాదమును ఇదియే. కార్డు ఇచ్చుటయో మానుటయో యుండును గాని, సగము కార్డు ఇచ్చుట యెట్లు?

ఈ ఆక్షేపణ న్యాయమైనదే, కాని దానిలో మఱచిన దొకటి గలదు. నిర్ణయమునకు రెండు కొసలున్నను వానిలోని తప్పులు సమానములు కావు. ఉన్నవానికి పొరపాటున బియ్యము పోయుట బొక్కసమునకు కొన్ని రూపాయల నష్టము; లేనివాని గిన్నె తీసివేయుట ఆకలి. కనుక చేర్చుటకు ఎనుబదిపాళ్ల పోలిక చాలవచ్చును. తొలగించుటకు తొంబదితొమ్మిదియు చాలదు, మనిషి పోయి చూడవలసినదే. శంకరులు కోరిన నిశ్చయము తలుపుతట్టి అడిగినవానికి దొరకును. అడుగకయే నిశ్చయమున్నట్లు నటించుటను ఏ దర్శనమును ఒప్పుకొనదు.

న్యాయస్థానపు ఆజ్ఞ పిమ్మట జరిగినదేమి? 2024లో వెలువడిన పత్రికా పరిశోధన ప్రకారము, మఱల పరీక్షకై వచ్చిన 4,91,899 దరఖాస్తులలో 2,05,734 మాత్రమే పరిశీలింపబడినవి. వానిలో 15,471 కుటుంబములు అర్హములని తేలినవి. నూటికి ఏడున్నరవంతు. స్వల్పమే గదా యనువారు, ఆ పదునైదువేల పొయ్యిలలో ఒకదానివద్ద కూర్చుండి ఆ మాట అనవలెను.

ప్రభుత్వము యంత్రమును పాఱవేయనక్కఱలేదు. అది లోపల లెక్కకట్టు సందేహమును దాచక పైకి తేవలెను. తొలగింపు పట్టికలో ‘అర్హుడు’, ‘అనర్హుడు’ అను రెండు గళ్ల నడుమ మూడవ గడియొకటి యుండవలెను. ఏ పట్టికలోని ఏ పేరుతో పోల్చి ఈ సందేహము కలిగినదో ఆ కాగితముపై తెలుగున వ్రాసి ఇంటికి పంపవలెను. ఆ మూడవ గడిలో పడిన పేరు వీర్నపల్లి తండాలోనిదైనచో, కార్డు నడుచుచుండగనే, పరీక్షించువాడు తండాకు పోయి ఆ ముసలమ్మ నడిగి రావలెను.