మీకు తెలుసా? అలబామా దశ తిప్పిన 2008 బ్యాచ్

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ జట్లు (మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు లెండి) ఏటా హైస్కూల్ కుర్రాళ్లను ఏరుకుంటాయి. వాళ్లు కాలేజీలో అడుగు పెట్టకముందే వెబ్‌సైట్లు స్టార్లు ఇచ్చేస్తాయి. అసలు సత్తా తేలేది మూడు నాలుగేళ్లకు! 2007లో మైదానంలో 7 గెలిచి 6 ఓడిన అలబామా యూనివర్సిటీ జట్టుకు కోచ్ నిక్ సేబన్ 2008లో తెచ్చిన బ్యాచ్‌నే చూడండి: హూలియో జోన్స్, మార్క్ ఇంగ్రమ్, మార్సెల్ డేరియస్, మార్క్ బారన్, డాంటే హైటవర్. 2009 సీజన్‌కే జాతీయ టైటిల్. ఆ ఏడాదే ఇంగ్రమ్ ఆ కాలేజీకి మొట్టమొదటి హైస్‌మన్ ట్రోఫీ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చేది) తెచ్చాడు. ఈ ఐదుగురూ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) తొలి రౌండ్‌లోనే ఎంపికయ్యారు.

మరి 2022లో రికార్డు రేటింగ్ బ్యాచ్‌తో ఊరించిన టెక్సస్ ఏ అండ్ ఎం? ఆ సీజన్‌లో 5 గెలిచి 7 ఓడింది.