ఆబ్కారీ అధికారి కట్టిన బట్టి

"సార్, మా ఊర్ల ఇప్పసార గూడ గిట్లనే తీస్తరు. మరి గది సార ఎందుకైంది, విస్కీ విస్కీ ఎందుకైంది?"

హుజూరాబాద్‌లో మా ఇంటర్ పిల్లలకు స్వేదనం చెబుతున్న రోజది. బల్ల మీద గాజు కుప్పె, దానికి లీబిగ్ కండెన్సర్, కింద బర్నర్. అడిగినవాడు ఆదిలాబాద్ వైపు గూడెం నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. మిగతావాళ్లు కిసుక్కుమన్నారు గానీ ప్రశ్న అసలైన ప్రశ్న. రేపు చెబుతా కూసో అన్నాను. ఆ రేపు రావడానికి పదిహేను రోజులు పట్టింది. మా ఇంట్లో ఇడ్లీ పాత్ర కూడా పనిలోకి దిగింది.

ముందు వాళ్ల ఊరి బట్టి సంగతి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లారుజామున రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, నానేసి పులియబెడతారు. పొయ్యి మీది కుండలో పులిసిన పువ్వు, దాని మూతి మీద ఇంకో పాత్ర, ఆ పైన చన్నీళ్ల గిన్నె. సందులన్నీ మట్టితో మెత్తుతారు. ఆవిరి పైకెళ్లి చన్నీళ్ల గిన్నె అడుగుకు తగిలి చుక్కలై జారుతుంది. కొన్ని చోట్ల వెదురు గొట్టంతో ఆవిరిని పక్కకు తీసి చల్లారుస్తారు. నా గాజు సామానులో ఉన్నవన్నీ అందులో ఉన్నాయి. పెషావర్ ప్రాంతంలో చార్సద్దా దగ్గర షైఖాన్ ఢేరీలో దొరికిన ప్రాచీన మట్టిపాత్రలు ఇలాంటి బట్టీ సామానేననీ, స్వేదనానికి భారత ఉపఖండమే పుట్టిల్లు కావచ్చుననీ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ 1979లో వాదించాడు. అందరూ ఒప్పుకోలేదు. ఉమ్మడి పాలమూరు జిల్లా ఉట్నూరులో కొత్తరాతియుగపు బూడిదదిబ్బను తవ్విన ఆల్చిన్ ఈయనే. ఆదిలాబాద్ ఉట్నూర్ వేరు.

ఇప్పపువ్వులో చక్కెర ముందే ఉంటుంది, కాబట్టి నానేస్తే చాలు, పులుస్తుంది. బార్లీ గింజలో ఉండేది పిండిపదార్థం, దాన్ని ఈస్టు నేరుగా ముట్టుకోదు. అక్కడ స్కాట్లాండు వాళ్లు చేసే పని మా హుజూరాబాద్, జమ్మికుంట రైతులకు కొత్త కాదు. నారు పోసే ముందు వడ్లు నానబెట్టి, గోనెసంచిలో మండె కడతారు కదా, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. గింజ మేల్కొని తన పిండిని తానే చక్కెరగా మార్చుకునే ఎంజైములను తయారు చేసుకుంటోందన్నమాట. బార్లీకీ అంతే. మొలక బాగా ఎదగక ముందే ఆరబెట్టి ఆపేస్తే అదే మాల్టు, మన రాగిమాల్టులోని మాల్టే. ఆరబెట్టేటప్పుడు పీట్ అనే బురదనేల ఇంధనాన్ని తగలేస్తే ఆ పొగవాసన గింజకు పట్టి చివరిదాకా వదలదు. ఐలా దీవి విస్కీలకు పేరు తెచ్చింది ఆ పొగే. మాల్టును మరపట్టి, వేడినీళ్లలో కలిపి, చక్కెరనీళ్లు దించి ఈస్టు వేస్తే పానకం సిద్ధం. అందులో ఆల్కహాలు 8 శాతం అటూఇటూ ఉంటుంది.

ఇక బట్టి. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర, కాబట్టి ముందు ఆల్కహాలంతా వచ్చి తర్వాత నీళ్లొస్తాయని పిల్లలు రాస్తారు. అది తప్పు. రెండూ కలిసే లేస్తాయి. పానకంలో కంటే ఆవిరిలో ఆల్కహాలు పాలు ఎక్కువగా ఉంటుంది, అంతే. అందుకే ఒక్కసారి కాచి దింపితే ఒక్క మెట్టు ఎక్కినట్టు. రాగి బట్టిలో 8 శాతం పానకం మొదటి కాపుకు 22, 25 శాతం దాకా వస్తుంది. దాన్ని మళ్లీ కాస్తే 65, 70. ఆల్కహాలు వెంట పళ్లవాసనలు, నూనెలు, గంధకపు కంపు కూడా కొంత లేస్తాయి. గంధకాన్ని రాగి పట్టేసుకుంటుంది, అందుకే స్కాట్లాండు వాళ్లు రాగిని వదలరు. మొదట వచ్చే ఘాటు భాగాన్నీ చివర వచ్చే బరువు భాగాన్నీ పక్కకు తీసి నడిమిది ఉంచుకుంటారు. ఒక మాట ఇక్కడే చెప్పాలి. కల్తీసారా తాగి ఊళ్లకు ఊళ్లు చచ్చిపోయేది ఈ మొదటి భాగం వల్ల కాదు. ఫ్యాక్టరీ పనికి వాడే మిథైల్ ఆల్కహాలును ఎవడో తెచ్చి కలపడం వల్ల. అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కళ్లను తీసేస్తుంది.

ప్రతి కాపుకూ బట్టి దించాలి, కడగాలి, మళ్లీ నింపాలి, మళ్లీ పొయ్యి రాజేయాలి. ఈ తిప్పలు తప్పించినవాడు ఐర్లండులో ఆబ్కారీ అధికారి. పేరు ఈనియస్ కాఫీ. 1810లో డోనెగల్‌లో దొంగబట్టీలు పట్టబోయి యాభై మంది గుంపుకు చిక్కి, తల పగిలి, బాయ్‌నెట్ పోట్లు తిన్నవాడు. ఉద్యోగంలో పైపైకి వెళ్లి, 1824లో మానేసి, 1830లో తన బట్టికి పేటెంటు పొందాడు. ఏళ్ల తరబడి బట్టీలను పగలగొట్టినవాడికి వాటిలో వేడి ఎక్కడ వృథా అవుతోందో తెలియకుండా పోతుందా!

నా ఇడ్లీ పాత్ర ఇక్కడ పనికొచ్చింది. కింద నీళ్లు మరుగుతున్నాయి, పైన నాలుగు చిల్లుల పళ్లేలు. పై పళ్లెంలో చెంచాతో చన్నీళ్లు పోస్తూ పోయాను. అడుగు పళ్లెంలోకి చేరేసరికి అవి మరగకాగి ఉన్నాయి. దిగే నీళ్లు, ఎక్కే ఆవిరి ప్రతి అంతస్తులో ఎదురుపడి వేడిని అదలుబదలు చేసుకున్నాయి. ఇప్పుడు నాలుగు పళ్లేల బదులు ఇంటి ఎత్తు గోపురం నిండా పళ్లేలు ఊహించండి. పైనుంచి పానకం, కిందనుంచి ఒత్తిడితో ఆవిరి. చిల్లుల్లోంచి పానకం కారిపోదు, ఆవిరి తోపు దాన్ని పళ్లెం మీదే నిలబెడుతుంది. పక్కనున్న గొట్టంలోంచి మాత్రమే కింది పళ్లేనికి దిగుతుంది. ప్రతి పళ్లెం ఒక కాపు, ఒక మెట్టు. అడుగుకు చేరేసరికి పానకంలో ఆల్కహాలు మిగలదు.

అసలు చమత్కారం రెండో గోపురంలో ఉంది. మొదటిదాంట్లోంచి వచ్చిన ఆవిరి రెండోదాని అడుగున దూరి పైకెక్కుతుంది. దాని మధ్యనుంచి మెలికలు తిరుగుతూ ఒక గొట్టం దిగుతుంది. ఆ గొట్టంలో ఉన్నది చన్నీళ్లనుకున్నారా? కాదు, ఇంకా కాగని పానకం! ఆవిరిని చల్లబరిచే పని దానిదే, ఆ ఆవిరి వేడితో తాను కాగే పనీ దానిదే. అలా కాగి మొదటి గోపురం తల మీదికి చేరుతుంది. విడిగా చన్నీళ్ల గిన్నె పెట్టి వేడిని పారబోసే అవసరమే చాలామటుకు పోయింది. ఈ గొట్టం బొమ్మ నల్లబల్ల మీద గీసినప్పుడల్లా నాకు కొత్తగానే ఉంటుంది. ఇటు పానకం పోస్తూ ఉంటే అటు రోజులతరబడి 94 శాతం దాకా ఆల్కహాలు కారుతూనే ఉంటుంది. ఎన్ని పళ్లేలు పెట్టినా బరువులో 95.6 శాతం దాటదు. అక్కడ ఆవిరీ ద్రవమూ ఒకే పాళ్లలో ఉంటాయి, ఎక్కడానికి ఇక మెట్టు లేదు.

ఇంత శుద్ధి అయ్యేసరికి గింజ వాసనలో చాలాభాగం వెనకే ఉండిపోతుంది. పాత బట్టి ఆ వాసనలను ముందుకు రానిస్తుంది. గొడవంతా దీని మీదే. డబ్లిన్‌లో నాలుగు పెద్ద కంపెనీలు ఇది విస్కీయే కాదని ఏకంగా పుస్తకం అచ్చు వేయించాయి. ఐర్లండువాడి బట్టిని ఐర్లండు కాదంటే, స్కాట్లాండు వాళ్లు ఎత్తుకుపోయి, దాని తేలిక సారాను తమ ఘాటు మాల్టుతో కలిపి ప్రపంచమంతా అమ్మారు. లండన్‌లో ఇస్లింగ్టన్ మున్సిపాలిటీ వాళ్లు ఇది విస్కీ కాదంటూ 1905లో కోర్టుకెక్కారు, చివరికి ప్రభుత్వ కమిషన్ 1909లో పాత బట్టిదీ కొత్త బట్టిదీ రెండూ విస్కీలేనని తేల్చింది. నాకు డబ్లిన్ వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ యంత్రం ముందు నిలబడితే కాఫీ వైపే మొగ్గుతాను.

మిగతా ప్రపంచాన్ని త్వరగా చెప్పేస్తాను. స్కాచ్ అంటే ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు. ఐర్లండులో మొలకెత్తని బార్లీ కూడా కలుపుతారు, తరచూ మూడుసార్లు కాస్తారు. అమెరికా బర్బన్‌లో 51 శాతానికి తగ్గకుండా మక్కలు, లోపల మాడ్చిన కొత్త ఓక్ పీపా. జపాన్ నుంచి 1918లో స్కాట్లాండు వెళ్లి నేర్చుకొచ్చిన మసతాకా తాకెత్సురు స్థాపించిన నిక్కా కంపెనీలో కాఫీ బట్టీలు నేటికీ నడుస్తున్నాయి. స్కాట్లాండు చలిలో పీపాలోంచి ఏటా 2 శాతం ఆవిరైతే, బెంగళూరు ఎండకు 10 శాతం దాటుతుంది. అమృత్ అనే బెంగళూరు మాల్టు 2004లో గ్లాస్గోలోనే అమ్మకానికి వెళ్లింది.

మన దగ్గర చవక విస్కీల్లో ఎక్కువ భాగం గింజది కాదు, మొలాసిస్‌ది. చక్కెర తీశాక మిగిలే ఆ నల్లటి పాకాన్ని పులియబెట్టి గోపురాల్లో కాస్తారు. ఐరోపాలో దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కదిలించిన ఉద్యమంతో 1993లో నిషేధించిన ప్యాకెట్ సారా కూడా ఆ గోపురాల సరుకే, నీళ్లు కలిపినది. పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. బట్టిని బట్టి చూస్తే వాళ్ల ఇప్పసారా స్కాట్లాండు రాగి బట్టికి దగ్గరి చుట్టం. పువ్వు వాసనను అది ముందుకు రానిస్తుంది. మొలకా పీపా లేవు కాబట్టి విస్కీ కాదు. రంగు సీసాలోని చవక విస్కీయే ప్యాకెట్ సారాకు తోబుట్టువు.

తరగతిలో ఇదంతా చెప్పి వాణ్ని అడిగాను, "మీ ఊర్ల సార గట్టిదో కాదో ఎట్ల చూస్తరు?"

"పొయ్యిల చుక్కేస్తే భగ్గుమనాలె సార్."

ఇంగ్లండులోనూ అంతే. తుపాకిమందును సారాలో తడిపి అంటించేవారని, అంటుకుంటే గట్టిదని రుజువైనట్టేనని చెబుతారు. ప్రూఫ్ అనే మాట అక్కడిదే. అక్కడి 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం. మన సీసాల మీద 75 ప్రూఫ్ అని ఉంటుంది, అది ఎంత శాతమో లెక్కగట్టి తెమ్మన్నాను.

తెల్లారి వాడు నోటుబుక్కులో లేబుల్ అంటించుకుని వచ్చాడు.

"సార్, నాకు 42.825 అచ్చింది. గీళ్లు 42.8 అనే రాసిండ్రు."