గొబ్బి పాట ఏ శ్రుతిలో?

సంక్రాంతికి భిలాయిలో మా వాకిట్లో పిల్లలు ఫోన్‌లో ట్రాక్ పెట్టి అన్నమయ్య గొబ్బి పాట ఎత్తుకున్నారు. శ్రుతి ఆరు. వేగమా, మార్చి 31న మన బ్రాంచే! అమ్మ గొంతు నాలుగు శ్రుతి దాటదు. రెండో చరణానికే లోపలికి వెళ్లిపోయింది.

నిజానికి గొబ్బి పాటకు తాళం చప్పట్లే. గొబ్బెమ్మల చుట్టూ వంగి, అడుగు వేసి, చప్పట్లు చరిచేందుకు పట్టేంత సమయమే దాని వేగం. ఒకరు పాడితే మిగతావారు అందుకోవాలి కాబట్టి, అందరికీ అందే శ్రుతే దాని శ్రుతి. సందడి ఉన్నా అది దేవుడి పాట, పరుగు పనికిరాదు.

ఫోన్ ఆపేసి అమ్మను పిలిచాను. ఆవిడ నిదానంగా ఎత్తుకుంది. హిందీ బడి పిల్లలకు మాటలు విడివిడిగా వినపడ్డాయి.

"నాన్నమ్మా, కొలను అంటే తాలాబేనా?" అంది మా పాప.

"అవునే. కృష్ణుడు గోపికల చీరలు ఎత్తుకుపోయింది అక్కడే" అంటూ అమ్మ అరుగు మీద కూర్చుంది.