హెచ్‌డీ పెళ్లిలో అమ్మానాన్నల క్యాసెట్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... మా వైపు ఏ ఊళ్లో పెళ్లికెళ్లినా స్టేజీ పక్కన ఎల్‌ఈడీ తెర ఉండాల్సిందే. హార్స్‌లీ హిల్స్‌లో తీసిన ప్రీ వెడ్డింగ్ షూట్ దాని మీద తళతళా మెరుస్తుంటుంది. మధ్యలో ఉన్నట్టుండి పెళ్లికూతురి అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ ముక్కొకటి వస్తుంది. మొహాలు అడ్డంగా సాగిపోయి, అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయి ఉంటాయి. ‘పాత వీడియో కదా, అంతేలే’ అని సర్దుకుపోతాం. కానీ చాలాసార్లు లోపం పాత వీడియోది కాదు, దాన్ని కొత్తదానితో కలిపిన తీరుది. మీ ఇంటి బీరువాలోనూ అలాంటి క్యాసెట్ ఉంటే ఇది మీకోసమే.

ఐదో వంతే!

మన దేశంలో పాత వీడియో కెమెరాలు పనిచేసింది పాల్ పద్ధతిలో. ఆ వీడియోని డిజిటల్‌లోకి మారిస్తే ఒక్కో ఫ్రేమ్ 720×576, అంటే 4,14,720 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ 1920×1080లో 20,73,600. లెక్కేస్తే సరిగ్గా ఐదు రెట్లు! 4కే అయితే ఇరవై రెట్లు. వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో అసలు వివరం ఇంకా తక్కువే.

‘మరి 2006 నాటి పోకిరి 2022లో 4కేలో మళ్లీ థియేటర్లకు రాలేదా?’ అంటారేమో. ఆ సినిమా తీసింది ఫిల్మ్ మీద. 35 ఎంఎం నెగెటివ్‌ని 4కేలో స్కాన్ చేస్తే పనికొచ్చేంత వివరం అందులో ఉంటుంది. క్యాసెట్‌లో అది లేదు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బయటకు తీయలేదు.

సాగదీయొద్దు, కోయొద్దు

పాత వీడియో ఆకారం 4:3, ఇప్పటిది 16:9. తెర నిండాలని అడ్డంగా లాగితే సన్నగా ఉన్న పెళ్లికొడుకు బొద్దుగా తయారవుతాడు. కోసి సరిపెడదామంటే ఎత్తులో పావు వంతు పోతుంది. పైన బాసికమో, కింద తలంబ్రాల పళ్లెమో మాయం! అందుకే 4:3 గానే ఉంచండి. 1080 ఎత్తుకు పెంచితే వెడల్పు 1440 వస్తుంది, అటూ ఇటూ 240 చొప్పున ఖాళీ మిగులుతుంది. అక్కడ ముదురు రంగో, శుభలేఖ డిజైనో పెట్టండి. ఫొటో ఫ్రేములో పెట్టినట్టు ఇంకా చిన్నగా చూపిస్తే మసక కూడా కనబడదు. నిలువు రీల్‌లో అయితే 1080×810 సరిపోతుంది, మిగతా చోట పేర్లు, తేదీ రాసుకోవచ్చు.

దువ్వెన పళ్లు పోవాలంటే

పాల్ కెమెరా సెకనుకు 50 సగం బొమ్మలు తీస్తుంది. ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు. పాత టీవీలో అవి కలిసిపోయేవి. ఫోన్ తెర రెండింటినీ ఒకేసారి చూపిస్తుంది కాబట్టి చెయ్యి కదిలిన ప్రతిచోటా దువ్వెన పళ్లు కనిపిస్తాయి. దీనికి మందు డీఇంటర్‌లేస్. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫిల్టర్ ఉంది. సైజు పెంచకముందే ఈ పని చేయాలి. ముందు పెంచేస్తే రెండు రకాల గీతలూ కలిసిపోయి, తర్వాత విడదీయడం కష్టం.

ఇంకోటి. పాత వీడియో సెకనుకు 25 ఫ్రేములు, ఫోన్‌ది మామూలుగా 30. ప్రాజెక్టు 30లో పెడితే పాత వీడియోలో ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు వచ్చి కాస్త తడబడినట్టు ఉంటుంది. పాత వీడియోనే ఎక్కువ వాడుతుంటే ప్రాజెక్టును 25లో మొదలుపెట్టండి.

ఏఐతో జాగ్రత్త

ఇప్పుడు ఒక్క బటన్ నొక్కితే ఏఐ ‘హెచ్‌డీ’ చేసి ఇచ్చేస్తోంది. చీర అంచు, పందిరి వరకు పర్లేదు. మొహాల దగ్గరే తంటా. దూరంగా నిలబడ్డ తాతయ్య కన్ను క్యాసెట్‌లో నాలుగైదు చుక్కలే. మిగతాది ఏఐ తను చూసిన లక్షల మొహాల నుంచి ఊహించి గీస్తుంది. వచ్చేది నున్నటి, అందమైన మొహమే... కానీ తాతయ్యది కాదు. ఆయన్ని చూడని పిల్లలు రేపు ఆ మొహాన్నే తాతయ్య అనుకుంటారు. మసగ్గా ఉన్నా అసలు మొహమే మేలు. ఏఐ వాడాలనుకుంటే కాపీ మీద వాడండి, ఒరిజినల్ ఫైల్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

క్యాసెట్ ఆగదు

టేపు ఏటికేడు పాడవుతుంది. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన ఆఖరి పెద్ద కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లోనే ఆపేసింది. కాబట్టి ఆడే ప్లేయర్ దొరికినప్పుడే మార్పించుకోండి. ఫైల్ వాట్సాప్‌లో వద్దు, అది వీడియోని ఇంకా నలిపేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకుని రెండుచోట్ల దాచండి. గంట మినీ డీవీ టేపు అసలు నాణ్యతతో సుమారు 13 జీబీ అవుతుంది.

పాత వీడియో మీద కొత్త పాట వేసేముందు ఒక్కసారి దాని సౌండ్ వినండి. బొమ్మ మసకైనా అమ్మమ్మ గొంతు అందులో ఉండొచ్చు. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి వేసి చూపించండి. అక్షింతలు వేస్తున్నది ఎవరు, వెనకాల నవ్వుతున్నది ఎవరు అని అడిగి రాసుకోండి. ఆ పేర్లు ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు.