కుక్క చాక్లెట్టు తింటే?

కుక్కను పెంచే ఇంటిలో చిన్నపిల్లలు ఉన్నారంటే, వాళ్ళు తినే ప్రతి పదార్థంలోనూ దానికొక వాటా ఉన్నట్టే లెక్క. బిస్కెట్టు పెట్టినా, ఇడ్లీముక్క పెట్టినా పెద్దలు చూసి నవ్వి ఊరుకుంటారు. కాని ఆ చేతిలో ఉన్నది చాక్లెట్టు అయితే మాత్రం ఊరుకోకూడదు. మనకు ఇష్టమైన ఆ తీపి కుక్కకు విషం.

చాక్లెట్టును కోకో గింజలతో చేస్తారు. మన ఏలూరు, గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో అంతరపంటగా పండేవి ఆ గింజలే. వాటిలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంది. కాఫీలోని కెఫీన్‌కు అది దగ్గర చుట్టం. మనిషి శరీరం దానిని తొందరగా వదిలించుకుంటుంది. కుక్క శరీరానికి ఆ శక్తి తక్కువ. లోపలికి పోయినదానిలో సగం తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. అంతసేపూ అది గుండెనూ నరాలనూ రెచ్చగొడుతూనే ఉంటుంది.

“మా కుక్క ఒకసారి తిన్నది, ఏమీ కాలేదే!” అనేవారు ఉంటారు. నిజమే కావచ్చు. అంతా మోతాదులో ఉంది. కుక్క బరువులో కిలోకు 20 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ చేరితే వాంతులు, విరేచనాలు, విపరీతమైన దాహం మొదలవుతాయి. ఒకచోట నిలవలేక తిరుగుతుంది. 40 దాటితే గుండె లయ తప్పవచ్చు. 60 అయితే ఫిట్సు వచ్చి ప్రాణానికే ముప్పు కావచ్చు.

పది కిలోల కుక్కకు బాధ మొదలు కావడానికి పాల చాక్లెట్టు సుమారు 100 గ్రాములు కావాలి. నల్లని చేదు చాక్లెట్టు అయితే 40 గ్రాములు చాలు. కేకుల్లో వేసే కోకో పొడి పది గ్రాములైనా అక్కరలేదు. ఇంట్లో ఉన్నది మూడు కిలోల బొచ్చుకుక్క అయితే ఈ లెక్కలన్నీ మూడోవంతుకు దిగిపోతాయి.

తిన్నదని తెలిసిన వెంటనే మిగిలినది లాగివేయండి. పైకాగితం పారవేయవద్దు. కుక్క బరువెంత, ఏ రకం చాక్లెట్టు ఎంత తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది - ఈ మూడూ పశువైద్యునికి ఫోనులో చెప్పండి. చక్కెర లేని చాక్లెట్టు అయితే ఆ మాట కూడా చెప్పాలి. జైలిటాల్ అనే తీపిపదార్థం అందులో ఉంటే కుక్క రక్తంలోని చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది.

“హుషారుగానే ఉంది, చూద్దాంలే” అనుకోవద్దు. లక్షణాలు బయటపడటానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పట్టవచ్చు. తిన్న గంట రెండు గంటల లోపల అయితే డాక్టరు మందిచ్చి కక్కించగలడు. తరువాత విషాన్ని పీల్చే బొగ్గుపొడి పట్టిస్తాడు. ఆ సమయం దాటితే సెలైను ఎక్కించి, గుండెను కనిపెట్టుకుని ఉండవలసినదే. ఈ విషానికి విరుగుడుమందు లేదు.

ఇంటివైద్యం వద్దు. ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పే మరో విషం అవుతుంది. వణుకుతున్న కుక్క నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

దీపావళికీ పుట్టినరోజులకూ వచ్చే చాక్లెట్టు పెట్టెలను బల్లమీద వదలకండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి పైఅరలో పెట్టండి.

అన్నిటికంటె ముఖ్యం మరొకటి. కుక్కకు పెట్టినది పిల్లవాడే అయితే, తిడతారన్న భయంతో రెండు ముక్కలను ఒక ముక్క అంటాడు. లేదా అసలు పెట్టలేదంటాడు. అప్పుడు డాక్టరు లెక్క తప్పుతుంది. అందుచేత వాణ్ణి దగ్గరికి తీసుకుని, “ఎంత పెట్టావు నాన్నా?” అని మెల్లగా అడగండి. మందలించడం రేపైనా చేయవచ్చు.